తాళం తీశాక తిరిగిన ఫ్యాన్లు: ఒక ట్రావెల్స్ బండి ఆడియో వైరింగులో రిలే, ఫ్యూజుల కేస్ స్టడీ

ఒడిశాలోని జయపురంలో మేము నడిపే ఆటో ఎలక్ట్రికల్ షాపుకు సాలూరు, విజయనగరం వైపు తిరిగే ట్రావెల్స్ బండ్లు ఎక్కువగా వస్తాయి. పెళ్లిళ్లకూ అరకు ప్రయాణాలకూ అద్దెకు వెళ్లే ఈ బండ్లలో పాటల మోత లేకపోతే బేరం కుదరదు కాబట్టి, బండి కొన్న నెలలోపే యజమానులు వెనక డిక్కీలో ఒక బాస్ పెట్టె, దానికి ఒకటో రెండో ఆంప్లిఫయర్లు పెట్టిస్తారు. కంపెనీ వైరింగుకు బయట బ్యాటరీ నుంచి నేరుగా లాగే ఆ రెండు మూడు వైర్ల పనిలోనే మాకు వచ్చే కేసుల్లో సగం పుడతాయి. ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక కేసు. ఒక తప్పును సరిచేయబోయి ఇంకొకరు మరో తప్పు చేయడం, ఆ రెండో తప్పు ఏ సంబంధమూ లేనట్టు కనిపించే రెండు వేర్వేరు ఫిర్యాదులుగా బయటపడడం దీనిలో ఉంది కనుక వివరంగా రాయదగినదని నాకు తోచింది.

వానాకాలం మధ్యలో ఒక ఏడు సీట్ల డీజిల్ బండి మా దగ్గరికి వచ్చింది. యజమాని జయపురంలోనే స్థిరపడిన తెలుగాయన. ఆయన చెప్పిన ఫిర్యాదులు రెండు. రెండు రోజులు బేరం లేక బండి ఇంటి ముందు నిలబడితే మూడో రోజు ఉదయం స్టార్ట్ కావడం లేదు. నాలుగు నెలల కిందట బ్యాటరీ మార్చినా అదే తీరు. రెండోది, విజయనగరం నుంచి తిరిగి వస్తూ సుంకి ఘాట్ ఎక్కుతుండగా బాస్ ఆగిపోతుంది, పైకి చేరి కాసేపు బండి ఆపి టీ తాగి వస్తే మళ్లీ మోగుతుంది. ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజను కరెంటు మొత్తం లాగేస్తోందని ఆయనకు ఎవరో చెప్పారట. డీజిల్ ఇంజను ఎత్తు ఎక్కడానికి బ్యాటరీ నుంచి అదనంగా కరెంటు లాగే పని పెద్దగా లేదు. పైగా ఇంజను వేగంగా తిరుగుతున్నప్పుడు ఆల్టర్నేటర్ ఇంకా బాగా చార్జ్ చేస్తుంది. కనుక ఆ మాటను పక్కన పెట్టాను.

ఆ బండి డ్రైవరు పక్కనే నిలబడి ఉన్నాడు. యజమాని లోపలికి వెళ్లాక అతను నాతో అన్న మాట ఇది: "రాత్రి బండిలోనే పడుకుంటాను సార్. తాళం తీసేసినా ఎనకాల ఏటో తుమ్మెద తిరుగుతున్నట్టు బుర్రుమంటాది. పాట పెడితే ఆగిపోతాది. చెప్తే బాబుగారు నవ్వేరు." నేను నవ్వలేదు. బండి ఆపితే మొదలై, పాట పెడితే ఆగే శబ్దం ఏదైనా ఉందంటే, ఎక్కడో ఒక రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపి విడదీసే స్విచ్చు) తిరగేసి పనిచేస్తున్నదని అనుమానించవలసిందే. అయినా చెవితో విన్నదాన్ని మీటరుతో చూడకుండా విప్పడం మా షాపులో అలవాటు లేదు.

బ్యాటరీ టెర్మినళ్ల మధ్య 11.6 వోల్టులు ఉంది. పూర్తిగా చార్జ్ అయిన 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2కు దిగితే సగం ఖాళీ అయినట్టు, 11.8కి దిగువన ఉంటే దాదాపు ఏమీ మిగలనట్టు లెక్క. వేరే బ్యాటరీతో స్టార్ట్ చేసి చూస్తే ఆల్టర్నేటర్ 14.1 వోల్టులు ఇస్తోంది, అంటే చార్జింగులో లోపం లేదు. బండి ఆపి, రాత్రంతా చార్జరు మీద పెట్టి, మర్నాడు మైనస్ కేబులు విప్పి, ఆ కేబులుకూ బ్యాటరీకీ మధ్య మల్టీమీటరును 10 ఆంపియర్ల సాకెట్లో వరసగా కలిపాను. బోనెట్ తెరిచే ఉంచి, తలుపు లాక్ నాలుకను స్క్రూడ్రైవరుతో మూసి, లోపలి లైటు ఆరిన తరువాత ఇరవై నిమిషాలు ఆగాను. బండిలోని కంప్యూటరు నిద్రలోకి జారేదాకా ఆగకపోతే కనిపించే అంకె తప్పుదారి పట్టిస్తుంది. మీటరు అలా కలిపి ఉండగా ఎవరైనా తాళం తిప్పితే మీటరు లోపలి ఫ్యూజు పోతుంది, అందుకే తాళం నా జేబులో పెట్టుకుంటాను. అనుభవంతో నేర్చుకున్న జాగ్రత్త ఇది, ఖరీదైన అనుభవమే.

ఆగి ఉన్న బండి లాగే కరెంటు మామూలుగా 50 మిల్లీ ఆంపియర్లకు లోపు ఉండాలి. ఇక్కడ 0.89 ఆంపియర్లు చూపింది. కంపెనీ ఫ్యూజు పెట్టెలోని ఫ్యూజులను ఒక్కొక్కటే తీసి చూస్తే అంకె కదలలేదు. బ్యాటరీ ప్లస్ మీద కంపెనీ కేబులు కాక మరి రెండు లగ్గులు (వైరు కొసకు తొడిగే లోహపు బిళ్లలు) బిగించి ఉన్నాయి: ఆంప్లిఫయర్లకు వెళ్లే లావు ఎర్ర వైరు ఒకటి, దాని పక్కనే ఒక స్క్వేర్ ఎం.ఎం. మందం సన్న వైరు ఒకటి. సన్న వైరు విప్పగానే మీటరు 0.03కు పడిపోయింది. లెక్క కూడా సరిపోయింది: ఎడతెగకుండా దాదాపు 0.9 ఆంపియర్ల చొప్పున 48 గంటల్లో 43 ఆంపియర్ అవర్లు పోతాయి. 60 ఆంపియర్ అవర్ల బ్యాటరీ, అదీ నాలుగు నెలలుగా పదే పదే అడుగంటినది, మూడో రోజు ఉదయం స్టార్టరును తిప్పలేకపోవడంలో వింత లేదు. కొత్త బ్యాటరీలో లోపమేమీ లేదు. అడుగంటిన స్థితిలో వదిలేసిన ప్రతిసారీ ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడి దాని సామర్థ్యం తగ్గుతూ వచ్చింది.

సన్న వైరు వెంట వెళ్తే అది డిక్కీలో ఎడమ వైపు అట్ట వెనక ఉన్న ఒక రిలే దగ్గర ఆగింది. బాస్ పెట్టె పక్కన, తివాచీ కప్పిన పలక కింద, రెండు ఆంప్లిఫయర్లు, వాటిని చల్లబరచడానికి మూడు చిన్న ఫ్యాన్లు ఉన్నాయి. పలక ఎత్తగానే ఫ్యాన్లు తిరుగుతూ కనిపించాయి. డ్రైవరును స్టీరియో ఆన్ చేయమన్నాను. చిన్నగా టిక్కుమంది, మా కళ్ల ముందే ఫ్యాన్లు ఆగిపోయాయి. ఆఫ్ చేయమంటే మళ్లీ తిరిగాయి.

ఇక్కడ రిలే కాళ్ల నంబర్ల గురించి కొంత చెప్పాలి. బండ్ల వైరింగులో వాడే ఈ అంకెలు జర్మన్ ప్రమాణం డిన్ 72552 నుంచి వచ్చినవి. 30 అంటే బ్యాటరీ ప్లస్ నుంచి నేరుగా వచ్చేది. 86, 85 కాయిలు (కరెంటు అందితే అయస్కాంతంగా మారి స్విచ్చును లాగే తీగచుట్ట) రెండు కొసలు. 86కు ప్లస్, 85కు ఎర్త్ (మైనస్‌కు కలిసి ఉండే బండి బాడీ) ఇవ్వడం పద్ధతి. 87 అంటే కాయిలుకు కరెంటు అందినప్పుడు 30తో కలిసే కాలు. 87ఏ దానికి ఎదురు: కాయిలుకు కరెంటు లేనప్పుడు 30తో కలిసి ఉండి, కరెంటు అందగానే విడిపోతుంది. మార్కెట్లో అయిదు కాళ్ల రిలేలు రెండు రకాలు దొరుకుతాయి. ఒక రకంలో మధ్యకాలు 87ఏ. రెండో రకంలో మధ్యకాలు కూడా 87 అనే ఉంటుంది, అంటే రెండు 87 కాళ్లూ కలిసే పనిచేస్తాయి. చూడటానికి రెండూ ఒకే పెట్టె, ఒకే సైజు, సాకెట్లో ఒకేలా కూర్చుంటాయి. తేడా అంతా టోపీ మీద అచ్చువేసిన బొమ్మలోనూ అడుగున కాళ్ల పక్కనున్న అంకెల్లోనూ ఉంటుంది. ఈ బండిలో ఉన్న రిలేను ఊడబెరికి తిరగేసి చూస్తే మధ్యకాలు పక్కన 87ఏ అని ఉంది. ఫ్యాన్ల వైరు సరిగ్గా దానికే కలిపి ఉంది. ఆంప్లిఫయర్లను ఆన్ చేసే రిమోట్ వైర్లు పక్కనున్న 87కు కలిపి ఉన్నాయి, అందుకే పాటలు మామూలుగా మోగుతున్నాయి.

మొదట వైరింగు చేసినవాడే ఇంత తప్పు చేశాడా అనే సందేహం నాకు కలిగింది, ఎందుకంటే మిగతా పనిలో ఆలోచన కనిపిస్తోంది. స్టీరియో వెనక నీలం మీద తెల్ల గీత ఉన్న రిమోట్ వైరు ఆంప్లిఫయర్లను లేపడానికి మాత్రమే ఉద్దేశించినది. దాని నుంచి అర ఆంపియరు కూడా అడగకూడదు. ఒక్కో ఆంప్లిఫయరు రిమోట్ కొస కొన్ని మిల్లీ ఆంపియర్లే తీసుకుంటుంది కానీ, ఫ్యాన్లను కూడా అదే వైరుకు తగిలిస్తే స్టీరియో లోపలి చిన్న ట్రాన్సిస్టరు మాడిపోతుంది. దాన్ని తప్పించడానికే ఆ పనివాడు మధ్యలో రిలే పెట్టాడు. స్టీరియో వైరు కాయిలును మాత్రమే నడుపుతుంది, కాయిలు లాగేది 0.15 ఆంపియర్ల లోపే. ఫ్యాన్ల భారం బ్యాటరీ నుంచి 30 మీదుగా వెళ్తుంది. ఇంత తెలిసినవాడు ఫ్యాన్లను 87ఏకు కలపడం నమ్మశక్యంగా అనిపించలేదు.

యజమానిని గట్టిగా అడిగితే అప్పుడు మూడో సంగతి బయటపడింది. అయిదు నెలల కిందట ఘాట్ దిగుతుండగా డ్యాష్‌బోర్డు కింద నుంచి మాడు వాసన, కాస్త పొగ వచ్చి, బండి ఆపి బ్యాటరీ విప్పేశారట. దారిలో ఒక మిస్త్రీ కొత్త వైరు ముక్క వేసి, పాత రిలే కూడా పోయి ఉంటుందని కొత్తది పెట్టి పంపించాడట. పాత రిలేను డ్రైవరు పారేయకుండా డ్యాష్‌బోర్డు అరలో దాచాడు. తిరగేసి చూస్తే మధ్యకాలు పక్కన 87 అని ఉంది. బల్ల మీద 12 వోల్టులు ఇచ్చి చూశాను, నిక్షేపంగా పనిచేసింది. మొదటి పనివాడు రెండు 87 కాళ్ల రిలే వాడి, మధ్యకాలుకు ఫ్యాన్లు కలిపాడు. దారిలో మిస్త్రీ పోని రిలేను తీసి, సాకెట్లో కూర్చుంది కదా అని 87ఏ రకాన్ని పెట్టాడు. ఆ రోజు నుంచి బండి ఆగి ఉంటే ఫ్యాన్లు తిరిగాయి, బండి నడుస్తూ పాటలు మోగుతున్నప్పుడు ఆగిపోయాయి. పలక కింద గాలి ఆడక, పైన సామాన్లు పేర్చడంతో, విజయనగరంలో మొదలైన పాటలకు ఆంప్లిఫయరు సాలూరు దాటేసరికి వేడెక్కి, తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోయేది. ఘాట్‌కూ దానికీ ఉన్న సంబంధం అంతే. టీ తాగే సమయంలో తాళం తీసి ఉంటుంది కనుక ఫ్యాన్లు తిరిగి ఆంప్లిఫయరును చల్లబరిచేవి. ఆ పావుగంటలో తప్పుగా కలిపిన ఫ్యాన్లు సరైన పనే చేశాయి.

అయితే మాడు వాసన ఎందుకు వచ్చిందన్న ప్రశ్న అలాగే ఉంది. నా దృష్టిలో ఈ కేసులో అసలు ప్రమాదకరమైన తప్పు అదే, అది మొదటి పనివాడిది. సన్న వైరుకు అతను ఫ్యూజు పెట్టాడు, కానీ డిక్కీలో, రిలేకు ఒక జానెడు ముందు. బ్యాటరీ నుంచి అక్కడిదాకా నాలుగున్నర మీటర్ల వైరుకు ఏ కాపలా లేదు. ఫ్యూజు దాని తరువాతి వైరునే కాపాడగలదు. దానికి ముందున్న వైరు ఎక్కడైనా బాడీకి తగిలితే బ్యాటరీ ఇవ్వగలిగినంతా ఆ వైరు గుండానే పోతుంది. ఇంజనుకూ క్యాబిన్‌కూ మధ్య ఉన్న రేకులో, క్లచ్ కేబులు వెళ్లే రంధ్రం పక్క నుంచి వైరు లోపలికి తీశారు. రంధ్రం అంచు వైరును కోయకుండా వేసే రబ్బరు గ్రోమెట్ లేదు. టార్చి వేసి చూస్తే ఆ అంచు మీద వేలెడు మేర రంగు పోయి, మాడిన ప్లాస్టిక్ నల్లగా అతుక్కుని ఉంది. పక్కనే కంపెనీ హార్నెస్ (వైర్ల కట్ట) తొడుగు కూడా ఒకచోట కరిగి మెరుస్తోంది. ఇంజను అదురుకు ఇన్సులేషన్ అరిగి, రాగి రేకుకు రాసుకుని, వైరు ఎర్రగా కాలిందన్నమాట. చివరకు బ్యాటరీ దగ్గరి బలహీనమైన క్రింపు (లగ్గులో వైరును నొక్కి పట్టించిన చోటు) దగ్గర తెగిపోవడం ఆ బండికి అదృష్టం. దారిలో మిస్త్రీ వేసిన కొత్త ముక్క కూడా అదే రంధ్రంలోంచి, అదే పదును మీదుగా వెళ్లింది. డిక్కీలో ఫ్యూజు మాత్రం మార్చాడు: ఇప్పుడు అక్కడ ఆకుపచ్చ రంగు బ్లేడ్ ఫ్యూజు, 30 ఆంపియర్లది.

సన్న వైరు పూర్తిగా తీసేశాను. కొత్త వైరుకు బ్యాటరీ ప్లస్ నుంచి వెంట్రుకవాసి తేడా లేకుండా 20 సెంటీమీటర్ల దగ్గర, మూత ఉన్న ఫ్యూజు హోల్డరు బిగించాను. కార్ ఆడియో పనిలో 45 సెంటీమీటర్లు దాటకూడదన్నది పాటించే హద్దు. నాకు దగ్గరగా ఉంటేనే తృప్తి. రేకు రంధ్రానికి గ్రోమెట్ వేసి, వైరుకు గాడి తొడుగు తొడిగి, పొగ గొట్టానికీ క్లచ్ కేబులుకూ దూరంగా క్లిప్పులతో కట్టాను. రిలేను మళ్లీ రెండు 87 కాళ్ల పాతదే పెట్టాను. కానీ ఎప్పుడైనా ఎవరైనా మరోసారి మార్చవచ్చు కనుక, మధ్యకాలును అసలు ఖాళీగా వదిలేసి, ఫ్యాన్ల వైరునూ రిమోట్ వైర్లనూ కలిపి పక్కనున్న 87కే ఇచ్చాను. ఇక ఏ రకం రిలే కూర్చోబెట్టినా తాళం తీసినప్పుడు ఫ్యాన్లు తిరగవు. రిలేను కాళ్లు కిందికి ఉండేలా బిగించాను. కొరాపుట్ వైపు వానలకు డిక్కీలో చేరే తేమ సాకెట్లో నిలిస్తే కాళ్లు ఆకుపచ్చగా తుప్పు పడతాయి.

మొదటి పనివాడు మరిచిన ఇంకొక చిన్న వస్తువు, కరెంటును ఒకే దిక్కుకు వదిలే డయోడు. కాయిలుకు కరెంటు ఆపిన క్షణంలో అందులోని అయస్కాంత శక్తి వంద వోల్టులు దాటిన ఎదురు వోల్టేజీగా వెనక్కి తన్నుతుంది. ఆ తన్ను నేరుగా తగిలేది స్టీరియోలోని ట్రాన్సిస్టరుకే. 85, 86ల మధ్య ఒక 1ఎన్4007 డయోడును, వెండి గీత ఉన్న కొస 86 వైపు వచ్చేలా సోల్డర్ చేసి స్లీవ్ తొడిగాను. గీత అటుదిటు అయితే స్టీరియో రిమోట్ వైరు డయోడు గుండా ఎర్త్ అయిపోతుంది, కాపాడవలసిన ట్రాన్సిస్టరే ముందు పోతుంది. లోపలే డయోడు ఉన్న రిలేలు కూడా దొరుకుతాయి, వాటికి 85, 86లు తారుమారు కాకూడదు.

ఫ్యూజు ఎంత అన్నదాని మీద యజమానితో కొంత వాదన జరిగింది. నేను 5 ఆంపియర్లది పెడుతుంటే ఆయన, "30 పెట్టేయండి మిస్త్రీగారూ, మళ్లీ మళ్లీ పోకుండా ఉంటాది" అన్నారు. మూడు ఫ్యాన్లూ రెండు రిమోట్లూ కలిపి లాగేది ఒక ఆంపియరుకు లోపు; ఫ్యాన్లు మొదలయ్యేటప్పటి ఊపును కలుపుకున్నా 5 చాలు. 30 పెడితే వచ్చే చిక్కు వేరు. బ్లేడ్ ఫ్యూజు తన అంకె దాటిన వెంటనే తెగదు: దాని మీద రాసిన దానికి 10 శాతం ఎక్కువ వెళ్తే 100 గంటలైనా ఓర్చుకోవాలని, 35 శాతం ఎక్కువైతే 10 నిమిషాల దాకా పట్టవచ్చని దాని ప్రమాణమే చెబుతుంది. అంటే 30 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న ఈ సన్న వైరులో, సగం సగం తగిలిన షార్టు వల్ల 40 ఆంపియర్లు పారుతుంటే, ఫ్యూజు 10 నిమిషాలు చూస్తూ కూర్చోవచ్చు. ఒక స్క్వేర్ ఎం.ఎం. వైరు అంతసేపు ఆగదు. ఆయనకు లెక్క చెప్పడం కంటే మాడిన హార్నెస్ తొడుగును చేత్తో తాకి చూపించడం సులువైంది. ఆ తరువాత ఫ్యూజు గురించి ఆయన ఏమీ అనలేదు.

ఎర్త్ సంగతి ఒక మాటలో: ఆంప్లిఫయర్ల ఎర్త్ లగ్గు సీటు బోల్టు కింద రంగు మీదే బిగించి ఉంది, పాటలు మోగుతుండగా అక్కడికీ బ్యాటరీ మైనస్‌కూ మధ్య 0.8 వోల్టులు పడుతోంది. రంగు గీకి బిగించాక 0.1కి దిగింది.

మిగిలింది లావు వైరు. దాని ఫ్యూజు బ్యాటరీ దగ్గరే ఉంది, కానీ 100 ఆంపియర్లది. వైరు తొడుగు మీద 8 గేజ్ అని ఉంది (గేజ్ అంకె తగ్గేకొద్దీ వైరు లావు). కొసను చాకుతో గీకితే పైన రాగి ఎరుపు పోయి లోపల తెల్లగా కనిపించింది: రాగి పూత పూసిన అల్యూమినియం. స్వచ్ఛమైన రాగితో పోలిస్తే దాని వాహకత మూడింట రెండు వంతులకు కొద్దిగా తక్కువ. అంత మందం రాగి తీగకే నేను 50కి మించి ఫ్యూజు పెట్టను. బండిలోని నాలుగు చానెళ్ల ఆంప్లిఫయరు మొత్తం 200 వాట్లది, సమర్థత 60 శాతం అనుకుంటే పూర్తి మోతలో, 14 వోల్టుల దగ్గర, 24 ఆంపియర్లు. బాస్ ఆంప్లిఫయరు క్లాస్ డి రకం 300 వాట్లది, 80 శాతం లెక్కన 27. రెండూ కలిసి 51. మామూలుగా వినే పాటల్లో సగటు ఇందులో మూడో వంతు కూడా ఉండదు. నాలుగు గేజ్ స్వచ్ఛమైన రాగి వైరు వేసి 80 ఆంపియర్ల ఫ్యూజు పెట్టడం సరైన పని అని చెప్పాను. ఆయన బ్యాటరీకి ఇప్పటికే డబ్బు పోయిందని, దాన్ని తరువాత చూద్దామన్నారు. అప్పుడు ఆ వైరు ఓర్వగలిగిన 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి, మోత గట్టిగా పెడితే ఇది పోతుందని, పోయినప్పుడు పెద్దది వేయకుండా నా దగ్గరికి రమ్మని, ఆ మాటే హోల్డరు మీద కాగితం రాసి అంటించి పంపాను.

ఆగి ఉన్న బండి కరెంటు ఆ రోజు 0.03 ఆంపియర్లు. మూడు రోజులు నిలబెట్టినా స్టార్ట్ అవుతోందని, ఘాట్‌లో బాస్ ఆగడం లేదని డ్రైవరు ఫోన్ చేసి చెప్పాడు. దాదాపు నెలన్నరకు, సాలూరులో ఒక పెళ్లి ఊరేగింపు మధ్యలో, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా బాస్ చివరిదాకా తిప్పితే 40 ఆంపియర్ల ఫ్యూజు పోయింది. డ్రైవరు పెద్దది వేయలేదు. ఊరేగింపు మిగతాది సన్నాయి వాళ్లతోనే సాగిందట. మర్నాడు యజమానే బండి తెచ్చి నాలుగు గేజ్ వైరు వేయమన్నారు. పాత వైరును బ్యాటరీ లగ్గు నుంచి విప్పుతుంటే క్రింపులోంచి తెల్లని పొడి రాలింది, తేమకు అల్యూమినియం తినేసుకుపోయి సగం పోగులు చేతికే తెగి వచ్చాయి.